బాపు క్లచ్, అవ్వ గేరు

తేదీ: డిసెంబరు మొదటి ఆదివారం, చెరుకు సీజను. స్థలం: బోధన్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డు. హాజరైనవారు: నేను, మా బావ, అక్క (సగం వంటింట్లో, సగం గుమ్మంలో), బాపు (మా నాన్న, అరుగు మీద, మా వైపు వీపు పెట్టి), జీపు. గైర్హాజరు: అవ్వ.

(డైరీ మొదలుపెట్టిన నాటి నుంచి పైన హాజరు వేసే అలవాటు నాది. అవ్వ, అంటే మా అమ్మ, ఆ ఏటి వానల్లోనే పోయింది కనుక, ఆమెను గైర్హాజరులో చూపాల్సిన పని నిజానికి లేదు. అయినా చెయ్యి రాసేసింది. రాసినదాన్ని కొట్టేయడం నాకు చేతకాదు.)

ఈ మధ్య మా మనవడి కారెక్కితే గేరు రాడ్డు కోసం వెతుక్కున్నాను. లేదట, కారే మార్చుకుంటుందట. అదెంత సుఖమో నాకు తెలియదు గానీ, మా కాలంలో మా వైపు జీపు అనేది ఒక్క మనిషి నడిపే బండి కాదు. బోధన్ నుంచి నిజామాబాద్‌కు మనుషుల్ని వేసుకుపోయే జీపుల్లో ముందు సీటు చూస్తే ఎవరికైనా భయం వేసేది. డ్రైవరుకు కుడి పక్కన ఒకాయన సగం బయట వేలాడుతుండేవాడు. ఎడమ పక్కన ముగ్గురు, వాళ్ల ఒళ్లో మూటలు, మూటల మీద కోడి. డ్రైవరు రెండు చేతులూ స్టీరింగును పట్టుకోవడానికే సరిపోయేవి, ఎడమ చెయ్యి గేరు దాకా పోయే దారే ఉండేది కాదు. అందుకని రాడ్డు పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లే గేరు వేయాలి. డ్రైవరు క్లచ్ తొక్కి ‘సెకండు’ అంటే సెకండు, ‘థర్డు’ అంటే థర్డు. ఊరికి కొత్తగా వచ్చిన టీచర్లు కూడా నెల తిరిగేసరికి ఈ విద్య నేర్చుకునేవారు. మిగతా జీపుల్లో ఆ చోటు ఎవరికి దొరికితే వాళ్లది. బాపు నడిపే మా జీపులో మాత్రం అది మా అవ్వది.

అవ్వ మొదట ఎక్కింది కిరాయి వసూలు చేయడానికే. బాపు మెత్తటి మనిషి, ‘రేపిస్తనే’ అన్న ప్రతివాడినీ నమ్మేవాడు. మిగతా ఆడవాళ్లెవరూ డ్రైవరు పక్కన, గేరు రాడ్డు దగ్గర కూర్చోవడానికి ఒప్పుకోరు, ఈమె డ్రైవరు భార్యే కనుక ఆ చోటు ఆమెదైంది. చోటుతో పాటు పని కూడా వచ్చింది. మొదటి రోజే పేచీ పెట్టింది. “ఫస్టు, సెకండు గివన్ని నాకు యాదికుండయి. యాడున్నదో చెప్పు, చెయ్యి పెడ్త” అంది. బాపు చాలాసేపు ఆలోచించి, మా వంటింటిని చూపించాడు. ఎడమ వైపు పైన పొయ్యి, దాని కింద బిందె. కుడి వైపు పైన ఉప్పు కుండ, కింద రోలు. వెనక్కి పోయే గేరు దర్వాజ. అంతే, మరునాటి నుంచి మా అవ్వ నలభై ఏళ్లు బండి నడిపిన డ్రైవరు కన్నా నిబ్బరంగా గేర్లు వేసింది.

కొత్తగా ఎక్కినవాళ్ల అవస్థ చూడాలి. ఎడపల్లి దాటగానే బాపు “బిందె!” అని అరుస్తాడు. పక్కనున్నాయన ఉలిక్కిపడి తన మూట చూసుకుంటాడు. అవ్వ కదలదు. “బిందె గిందె వద్దు, ఇంకింతసేపు పొయ్యి మీదనే ఉండని. ముంగట చెరుకు బండ్లున్నయి, కండ్లు కనవడ్తలేవా?”

“బండి నడిపేది నేనా, నువ్వా?”

“నువ్వు తొక్కు. నడిపేది నేను.”

వెనక సీట్లో నవ్వులు. ఇట్లా ఏళ్లు గడిచాక బాపు గేరు పేరు చెప్పడం మానేశాడు. ఆయన క్లచ్ తొక్కేవాడు, గేరు పడేది. ఇద్దరికీ మాటల్లేని రోజులుండేవి (మా ఇంట్లో అవి తక్కువేం కాదు, ఒకసారి మేక విషయంలో పంతం పండగ దాకా సాగింది). ఆ రోజుల్లో కూడా ఆయన అటు, ఆమె ఇటు మొహాలు పెట్టుకుని కూర్చునేవారు, జీపు మాత్రం జానకంపేట రైలు గేటు దగ్గర చక్కగా నెమ్మదించి, మళ్లీ చక్కగా అందుకునేది.

అవ్వ వానల్లో జ్వరంతో పోయింది. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

ఆ తర్వాత బాపు జీపు తీసింది రెండు మూడుసార్లే. మొదటిసారి రాడ్డు పక్కన ఒక కాలేజీ పిల్లవాడు కూర్చున్నాడు. గేరు పడితే ఒట్టు, గర్రుమని పళ్లు కొరికిన చప్పుడు. చివరిసారి దెగ్లూరు నుంచి పెళ్లికి వచ్చిన మరాఠీ పెద్దాయన కూర్చున్నాడు, తలకు గులాబీ రంగు పటకా. బాపు క్లచ్ తొక్కాడు. పెద్దాయన మర్యాదస్తుడు, వేయమన్నది వేద్దామని గట్టిగానే లాగాడు. రాడ్డు మొత్తం ఊడి ఆయన చేతికొచ్చింది. “హే కాయ్ ఝాలం?” (ఇదేమైంది?) అంటూ దాన్ని పట్టుకునే దిగిపోయి, రోడ్డు పక్కన తల్వార్ పట్టుకున్న సిపాయిలా నిలబడ్డాడట. జనమంతా కడుపు పట్టుకుని నవ్వారట. బాపు నవ్వలేదు. జీపును ట్రాక్టరు వెనక కట్టించి ఇంటికి తెచ్చి, షెడ్డులో పెట్టి, “గేరు పోయింది” అన్నాడు.

ఆ తర్వాత అరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నాడంటే మామూలుగా కూర్చోవడం కాదు. పొద్దున అక్కడే, మధ్యాహ్నం అక్కడే. అక్క అత్తగారింటి నుంచి వచ్చి వండిపెడుతుంటే సగం తిని సగం కుక్కకు వేసేవాడు. తోటి డ్రైవర్లు పలకరించడానికి వస్తే “గేరు పోయింది” అని అదొక్కటే చెప్పేవాడు. నేను అప్పుడు నిజామాబాద్‌లో ఒక ఆఫీసులో కొత్తగా చేరిన గుమస్తాను. శనివారం సాయంత్రం ఇంటికి రాగానే అక్క నన్ను వెనక్కి పిలిచి చెప్పింది. “సిరికొండ నుంచి ఒకాయన సోమారం పొద్దుగాల వస్తడట. బాపు జీపు అమ్ముతుండు. అది పోయిందంటే ఇగ ఆ అరుగు మీదికెల్లి లేవడు, రాసిపెట్టుకో.” రాసిపెట్టుకోవడం నాకు కొత్తగా చెప్పాల్సిన పని కాదు, ఆ రాత్రే డైరీలో రాసుకున్నాను. గేరు బాగుచేస్తే జీపు ఇంట్లోనే నిలుస్తుంది. జీపు నిలిస్తే బాపు లేస్తాడు. లెక్క అంత తేలికగా కనిపించింది.

మా బావ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరుకు పిండే యంత్రాల పక్కన పెరిగిన చెయ్యి కావడంతో, రెండు చేతులా ఎత్తాల్సినంత బరువు లేని పానాను ఆయన పనిముట్టుగా లెక్కచేసేవాడు కాదు. ఆదివారం పొద్దున్నే షెడ్డులోకి వచ్చి, ఊడిన గేరు రాడ్డును మళ్లీ దూర్చి కదిపి చూశాడు. గంజిలో గరిటెలా అన్ని వైపులా తిరిగింది.

“గింతేనా? పగటాల్ల అన్నం తినే లోపట కొత్త బండి చేస్త.”

“బావ, జీపు గేరు డబ్బా ఎన్నడన్న ఇప్పినవా?”

“బామ్మర్ది, చెరుకు పిండే రోలర్లు ఇప్పిన. గిది దాని ముంగట పిల్లల బొమ్మ.”

అక్క గుమ్మంలోంచి, “ఆదివారం పూట గుడికి పోకుంట పానాలు పట్టిండ్రు. అవ్వుంటే ఇద్దర్ని చీపురుతోని కొడుతుండె” అంది. అన్నదే గానీ తానూ గుడికి పోలేదు. చర్చిలో ప్రార్థన మొదలైన గంట వినబడినప్పుడు చేతులు తుడుచుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది, తర్వాత మాకు టీ తెచ్చింది.

నా పద్ధతి నాది. పాత క్యాలెండరు కాగితం నేల మీద పరిచి, ఊడదీసిన ప్రతి సామానునూ వరసగా ఒక్కో గడిలో పెట్టాలని, మళ్లీ బిగించేటప్పుడు అదే వరసలో వెనక్కి రావాలని చెప్పాను. బావ అదోలా చూశాడు గానీ ఒప్పుకున్నాడు. మూత బోల్టులు వచ్చాయి, మూత వచ్చింది. లోపలి కడ్డీ ఒకటి గట్టిగా ఉందని బావ తన పద్ధతిలో ఒక్కటిచ్చాడు. టప్పుమని చప్పుడు. కడ్డీని బిగబట్టి ఉంచే ఉక్కు గోలీ ఒకటి, వెనక దాని స్ప్రింగు, బావ చెవి పక్క నుంచి ఎగిరిపోయాయి. స్ప్రింగు అక్క పెట్టిన టీ గ్లాసులో పడింది. గోలీ కనిపించలేదు. అది లేకపోతే గేరు నిలవదు, ఒకచోట వేస్తే ఇంకోచోటికి జారుతుంది. ఇద్దరం మోకాళ్ల మీద పడి వెతికాం. కట్టెల మోపు ఎత్తాం. కోళ్లగూడు కింద చెయ్యి పెట్టి బావ కోడితో పొడిపించుకున్నాడు. పొద్దెక్కుతోంది. అప్పుడు అరుగు మీది నుంచి, ఇటు తిరగకుండానే బాపు అన్నాడు.

“మోరి కాడ సూడుండ్రి.”

మోరి అంచున, మురికినీళ్ల బురదలో, గోలీ మెరుస్తూ కనిపించింది. బావా నేనూ మొహాలు చూసుకున్నాం. వీపు పెట్టి కూర్చున్న మనిషి ప్రతి చప్పుడూ వింటున్నాడన్నమాట, గోలీ ఎటు దొర్లిందో కూడా. నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

రాడ్డు కింది మొనను బావ వెలుతురులోకి పట్టుకెళ్లి చూశాడు. చూసి, మాట్లాడకుండా నా చేతికిచ్చాడు (బావ మాట్లాడకపోవడం మా ఇంట్లో వార్త). మొన అన్ని వైపులా సమానంగా అరగలేదు. ఒక పక్కనే, ఏటవాలుగా, బాగా నాకిన బెల్లం ముక్కలా అరిగిపోయింది.

“గిట్ల అరిగినంక గేరు పడొద్దు, బామ్మర్ది. రాడ్డును మీదికి లేపి, పక్కకు వంచి, అట్లనే పట్టుకోని వెయ్యాలె. ప్రతిసారి. అత్త ఎట్ల ఏసిందో, ఆమె రెక్క ఎంత గుంజిందో.”

బావ మెల్లగా మాట్లాడలేడు, యంత్రాల హోరులో పనిచేసే మనిషి. అరుగు మీద కదలిక వినిపించింది. బాపు లేచి, షెడ్డు గుంజ పట్టుకుని నిలబడ్డాడు. వారాల తర్వాత ఆయన ఆ అరుగు దిగడం అదే మొదలు.

“లేపి ఎయ్యాల్నా?”

“అవు మామ. శాన ఏండ్ల సంది గంతే ఉన్నట్టుంది.”

బాపు రాడ్డు తీసుకుని మొన మీద బొటనవేలు రాశాడు. “నాతోని ఒక్కసారి అనలే” అన్నాడు. “ఉప్పు తక్కువైతే అనే మనిషి. రేకు కారితే అనే మనిషి. మేక సంగతి పండుగ దాక అన్నది. గిది అనలే.” రాడ్డును మళ్లీ క్యాలెండరు కాగితం మీద, దాని గడిలోనే పెట్టి, వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. ఈసారి వీపు మా వైపు లేదు.

సీజనులో చెరుకు ట్రాక్టర్లు ఎప్పుడూ ఏదో ఒకటి విరగ్గొట్టుకుంటాయి కనుక బస్టాండు దగ్గర వెల్డింగ్ దుకాణం ఆదివారం కూడా తెరిచే ఉండేది. బావ సైకిలు మీద పోయి, మొన మీద ఇనుము కరిగించి పోయించుకొచ్చాడు. కొత్త స్ప్రింగు, పైన బిగించే మూతా తెచ్చాడు. తర్వాత పని నాది. ఆకురాయితో ఆ గడ్డను అరగదీసి, లోపలి కంతలో బిగుతూ కాకుండా, వదులూ కాకుండా కూర్చునేట్టు చేయాలి. కొంచెం రుద్దడం, పెట్టి చూడడం. మళ్లీ కొంచెం రుద్దడం, మళ్లీ పెట్టి చూడడం. బావకు ఇలాంటి పని నరకం. “బామ్మర్ది, నువ్వు గేరు చేస్తున్నవా, ముక్కుపుడక చేస్తున్నవా?” అంటూ చుట్టూ తిరిగాడు. మధ్యాహ్నం అన్నం చల్లారింది. అక్క తిట్టి తిట్టి, చివరికి ముద్దలు కలిపి ఇద్దరికీ చేతిలో పెట్టింది, నల్లటి చేతులతోనే తిన్నాం. పొద్దు వాలుతుండగా రాడ్డు మొన కంతలో కూర్చుంది. గూట్లో పిట్ట కూర్చున్నట్టు కూర్చుంది. అదే వరసలో వెనక్కి అన్నీ బిగించాం, క్యాలెండరు కాగితం మీద ఒక్క సామాను కూడా మిగల్లేదు (బావ రిపేరు చేసిన చరిత్రలో ఇది మొదటిసారి అని అక్క సాక్ష్యం).

నేను జీపును వీధి చివరి దాకా నడిపి తెచ్చాను. ఒక్క చప్పుడు లేదు. రెండు వేళ్లతో తోస్తే పడుతోంది. “బాపూ, ఇప్పుడు లేపుడు అక్కర్లే, ఊకెనే పడ్తుంది” అని అరిచాను.

“ఊకెనే పడ్తుందా” అన్నాడు బాపు. అంతే అన్నాడు. మేం దాన్ని మెచ్చుకోలు అనుకున్నాం. ఆ రాత్రి నేను, బావ పెళ్లి చేసి వచ్చిన వాళ్లలా నిద్రపోయాం.

మరునాడు సోమవారం. పొద్దున మంచు పట్టి ఉంది, ఫ్యాక్టరీ వైపు నుంచి చెరుకు మడ్డి వాసన వస్తోంది. బాపు తలస్నానం చేసి, ఉతికిన అంగీ వేసుకుని బయటికి వచ్చాడు. అక్క నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది. బాపు ఎక్కి కూర్చుని ఇంజను తిప్పాడు, ఒక్క తిప్పుకే అందుకుంది. నేనూ బావా వెనక ఎక్కాం. ఆయన క్లచ్ తొక్కాడు. తొక్కి, ఎదురుగా వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఇంజను నడుస్తోంది. జీపు కదలడం లేదు. మాకేం అర్థం కాలేదు. బావ ముందుకు వంగి, “మామా, గేరు” అన్నాడు. నేను మోచేత్తో పొడిచాను, అప్పటికే ఆలస్యమైంది. బాపు ఎడమ చెయ్యి స్టీరింగు మీదే ఉంది. పక్కన సీటు ఖాళీగా ఉంది, ఎవరూ ఒరుసుకోవడం లేదు, మూటల్లేవు, కోడి లేదు, చెయ్యి పోవడానికి కావలసినంత దారి ఉంది. ఆ చెయ్యి మాత్రం పోలేదు. ఆయన కాలు క్లచ్ మీద ఉంచి, గేరు పడడం కోసం ఎదురుచూస్తున్నాడు.

నేను దూకి ముందు సీట్లోకి వచ్చి, మధ్యలో కూర్చుని, గేరు వేశాను. మెత్తగా పడింది. జీపు కదిలింది. వీధి చివరి దాకా పోయాం. ఆయన తొక్కాడు, నేను వేశాను. వెనక్కి తిప్పి మళ్లీ ఇంటి ముందుకు తెచ్చి ఇంజను ఆపాక బాపు నా భుజం మీద చెయ్యి వేశాడు.

“మంచిగ చేసిండ్రు బిడ్డా. గేరుకు వంక పెట్టేటట్టు లేదు. నువ్వియ్యాల ఆఫీసుకు పోవాలె గద?”

“సెలవు పెడ్త బాపూ.”

“రేపు?”

సిరికొండ ఆసామి అప్పుడే వచ్చాడు. లావుపాటి, నవ్వుమొహం మనిషి, అడవి దారుల్లో తిప్పడానికి జీపు వెతుక్కుంటున్నాడు. ఎక్కి కూర్చుంటుంటే బావ నాకు కన్నుకొట్టి ఆయన చెవిలో వేశాడు. “అన్నా, దాచిపెట్టకుంట చెప్తున్న. గేరు జర ఇరుక్కుంటది. చేతికి కూడ ఊడొస్తది. మరాఠీ ముసలాయన్ని అడుగు.”

ఆసామి గేరు వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. “యాడ ఇరుక్కుంటుందే? వెన్నల కత్తి దిగినట్టు దిగుతుంది గద! గిసోంటి గేరు కొత్త బండికి కూడ ఉండది.”

“ఉండది మరి!” అన్నాడు బావ, ఛాతీ పొంగి. “ఎవలు చేసిండ్రనుకున్నవ్!”

అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ బేరం అయిపోయింది. అక్క లోపలికి వెళ్లిపోయింది. ఆసామి బయల్దేరబోతుంటే బాపు దగ్గరికి పోయి, కిటికీ లేని ఆ పక్క నుంచి లోపలికి వంగి చెప్పాడు. “ముంగట నడుమ ఎవలనన్న కూసోబెట్టుకో.”

“ఎందుకే?”

“ఊకెనే. ఒక్కనివే నడిపితె ఏం తోయది.”

ఆసామి నవ్వి తలూపి, జీపు కదిలించాడు. మా వీధి చివర మలుపు ఉంది, అక్కడ ఎవరైనా గేరు మార్చాల్సిందే. జీపు అక్కడికి చేరేసరికి, బాపు ఎడమ కాలు చెప్పుతో సహా మట్టిలోకి నొక్కుకుని, ఒక్క క్షణం ఆగి, మళ్లీ లేచింది. అది నేనొక్కణ్నే చూశాను. జీపు మలుపు తిరిగి మంచులోకి పోయింది.

“సప్పుడు రాలే” అన్నాడు బావ మెల్లగా, ఆయన మెల్లగా మాట్లాడగలడని అప్పుడే తెలిసింది.

“రాలే, బావ” అన్నాను.

కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, గేరు ఎంత మెత్తగా పడిందో చెవొగ్గి విని, మనసులో ఒక మూల మురిసిపోయిన ఆ కుర్ర గుమస్తాను తలచుకుంటే ఈ వయసులో నాకు నవ్వు వస్తుంది. జీపును ఆపుదామని వాడు ఒక రోజంతా కూర్చుని ఆకురాయి పట్టి, అది ఇల్లు దాటి పోవడానికి కావలసినంత నునుపు చేసిపెట్టాడు.